కోడలి పేరున బాలమ్మ ఇచ్చిన నెత్తురు

తిమ్మాజిపేట అవతల చెలకల నడుమ ఉన్న ఆ ఊళ్లో బాలమ్మను ఎరగనివాళ్లు లేరు. ఎరిగినవాళ్లలో ఆమె నోటి దెబ్బ తగలనివాళ్లు అసలే లేరు. బడిపిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది ఆమే. పప్పు నీళ్లనీళ్లగా ఉందని ఒకనాడు సారు మొహం చిట్లిస్తే, "నీళ్లు ఎక్కువ గాలే సారూ, మీరిచ్చిన పప్పే సిగ్గుపడి అడుగుకు పోయింది" అన్నది. సారు మళ్లీ పప్పు మాట ఎత్తలేదు.

నోటికి తగ్గ ఒళ్లే ఇచ్చాడు దేవుడు. పెళ్లయిన ఏడే మొగుడు కురుమూర్తితో కలిసి మేస్త్రీ వెంట వలస పోయింది. కన్నడ దేశంలో ఆనకట్టల పనుల మీద తట్ట మోసింది. కొడుకు దినేష్ అక్కడి గుడిసెలోనే పుట్టాడు. ఏళ్ల తరబడి మట్టి మోసి ఊరికి తిరిగి వచ్చేటప్పుడు ఆమె తెచ్చుకున్నవి రెండే: చంకలో కొడుకు, నోట్లో నాలుగు కన్నడ తిట్లు. ఊరు చేరిన కొన్నాళ్లకే కురుమూర్తి పొట్ట ఉబ్బి పోయాడు. చుక్క తాగని మనిషికి తాగుబోతు రోగం ఎట్లా వచ్చిందని జనం నోళ్లు నొక్కుకున్నారు. బాలమ్మ ఎవరి మాటా చెవిన పెట్టలేదు. ఉన్న చెలకలో జొన్న, కంది వేసి, లేనప్పుడు కూలికి పోయి కొడుకును మనిషిని చేసింది. ఊరికి వచ్చిన నాటి నుంచి గోళీ మింగింది లేదు, సూది పొడిపించుకున్నది లేదు. "దవాఖాన తొవ్వ పట్టినోనికే రోగం ఎంటబడ్తది. మన ఇల్లు దానికి తెల్వదు" అనేది.

ఇంకొక గొప్ప కూడా ఉంది ఆమెకు. ఎవరి కండ్లయినా పచ్చబడ్డాయన్న అనుమానం వస్తే ఊరు ఊరంతా ముందు బాలమ్మ గడపకే వచ్చేది. ఆమె మందు ఇవ్వదు. ఉన్నదీ లేనిదీ తేలుస్తుంది. రోగి మూత్రంలో గుప్పెడు తెల్లబియ్యం వేసి పొద్దుటిదాకా ఉంచాలి. గింజ పచ్చబడితే కామెర్లు. తెల్లగా ఉంటే మామూలు జ్వరం. ఆమె మాట అయిన తర్వాతే పసరు పోసేవాని దగ్గరికో, నాగర్‌కర్నూల్ దవాఖానకో పోవడం. "బియ్యపు గింజ అబద్ధం చెప్పదు, లంచం తినదు" అని బాలమ్మ మీసం లేని లోటు తీరేలా చెప్పేది.

దినేష్ జడ్చర్ల నుంచి నాగర్‌కర్నూల్ దాకా సెవన్ సీటర్ ఆటో నడిపేవాడు. రెండువేల ఆరులో వనపర్తి దగ్గరి పిల్ల పద్మజను కోడలిగా తెచ్చుకున్నారు. మెత్తని పిల్ల. అత్త అరిచినా నవ్వేది. అదేమి మాయో, నవ్వే కొద్దీ బాలమ్మ అరుపు తగ్గుతూ వచ్చింది. మరుసటి ఏడు పద్మజ కడుపుతో ఉన్నదని తెలిసిన నాటి నుంచి బాలమ్మ ఆ పిల్లను కత్తిపీట ముందు కూర్చోనివ్వలేదు, కొడవలి ముట్టనివ్వలేదు. ఆ ఇంట ఒక కట్టుబాటు ఉంది. తొలిచూలు కోడలి ఒంటి నుంచి, మైసమ్మకు బోనం ఎత్తేదాకా, నెత్తుటి చుక్క నేల రాలకూడదు. బాలమ్మ అత్త బాలమ్మకు చెప్పింది. ఆ అత్తకు ఎవరు చెప్పారో మైసమ్మకే తెలియాలి.

ఐదో నెలలో నాగర్‌కర్నూల్ రేఖ డాక్టరమ్మ పరీక్షలు రాసింది. నెత్తురెంత ఉంది, ఏ గ్రూపు, ఇంకా ఏవో. పక్క సందులో దేవరాజు ల్యాబు. దినేష్ అత్తాకోడళ్లిద్దరినీ అక్కడ దింపి కిరాయికి పోయాడు. లోపల సంతలా జనం. దేవరాజు చెవికి, భుజానికి మధ్య ఫోను ఇరికించుకొని, మాట్లాడుతూనే ఒకరి తర్వాత ఒకరి చేతికి రబ్బరు గొట్టం బిగిస్తున్నాడు. అప్పుల ముచ్చటో, పెండ్లి ముచ్చటో, ఫోనులో మాత్రం మహా జోరుగా సాగుతోంది.

"పద్మజ!" అని కేక వేశాడు.

బాలమ్మ లేచింది. పద్మజ ఆమె కొంగు పట్టుకుంది.

"అత్తమ్మా, పిలిచింది నన్ను గదా."

"నువ్వు గూసో. బోనం ఎత్తలే ఇంక. సుక్క నెత్తురు రాలనియ్య నేను."

"మరి పరీక్ష?"

"పరీక్షకేం గావాలె పిల్లా? నెత్తురే గద. నా ఒంట్ల లేదా? ఒక్క పొయ్యి మీద వండుకొని తింటున్నం, ఒక్క కుండల నీళ్లు తాగుతున్నం. ఇంటి నెత్తురు ఇంటి నెత్తురే. పైగా నాది గట్టిది. నీ పేరున మంచిగ వస్తది, పో."

పద్మజకు సూదంటే ముందే వణుకు. తల వంచుకొని బెంచీ మీద కూర్చుంది. బాలమ్మ లోపలికి పోయి చెయ్యి చాపింది. దేవరాజు చెయ్యి చూశాడు, నరం చూశాడు, సీసాలోకి దిగిన నెత్తురు చూశాడు. మొహం ఒక్కటే చూడలేదు. చూసి ఉంటే చీటీ మీద రాసిన ఇరవై రెండేళ్ల వయసుకు, ఎదురుగా ఉన్న నెరిసిన తలకు మధ్య ఎంత దూరమో గుడ్డివాడికి కూడా తెలిసేది. బాలమ్మ దూది అదుముకుంటూ బయటికి వచ్చి, పెద్ద ఘనకార్యం చేసినట్టు కోడలికి కన్ను గీటింది. అత్తాకోడళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుకున్నారు.

ఆ నవ్వు మర్నాటిదాకానే.

రేఖ డాక్టరమ్మ రిపోర్టును, దానితో దేవరాజు పంపిన చిన్న ప్లాస్టిక్ పరీక్ష కార్డును చూసి ముగ్గురినీ లోపలికి పిలిచింది. తలుపు దగ్గరికి వేయమన్నది. అప్పుడే బాలమ్మకు ఏదో తేడా కొట్టింది.

"దినేష్, జర నిమ్మళంగా వినాలె. పద్మజ రక్తంలో హెపటైటిస్ బి వచ్చింది. కామెర్ల రోగాల్లోనే ఒకటి. దీని పురుగు పోయి కార్జంలో, అంటే లివర్‌ల, కూసుంటది. చాలామందికి కండ్లు పచ్చబడవు, జ్వరం రాదు, ఏం తెల్వదు. ఏండ్ల తర్వాత కార్జాన్ని తినేస్తది."

డాక్టరమ్మే మళ్లీ చెప్పింది. అన్నంతో అంటదు, నీళ్లతో అంటదు. నెత్తురుతో అంటుతుంది, మొగుడూ పెళ్లాల మధ్య అంటుతుంది, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు అంటుతుంది. బిడ్డ పుట్టిన రోజే సూదులు వేస్తే కాపాడుకోవచ్చు. "నువ్వు గూడ పరీక్ష చేయించుకోవాలె దినేష్."

"నాకెందుకు మేడం? నేను గుండ్రాయి లెక్క ఉన్న" అని దినేష్ లేచి బయటికి పోయాడు.

బాలమ్మ కుర్చీలోనే ఉండిపోయింది. నోరు తెరిచింది. అన్నేళ్లలో ఎన్నడూ ఖాళీగా తెరుచుకోని ఆ నోట్లోంచి ఒక్క మాట రాలేదు. పద్మజ ఆమె వైపు చూసింది. ఆ చూపులో అడగాల్సింది అంతా ఉంది. బాలమ్మ కొంగు సర్దుకొని తల పక్కకు తిప్పుకుంది.

బయట ఆటో పక్కన నిలబడి దినేష్ పెండ్లాన్ని ఒకే మాట అడిగాడు. "ఎవని దగ్గర అంటించుకొచ్చినవ్?"

పద్మజ దెబ్బ తిన్నట్టు వెనక్కి జరిగింది. కన్న కొడుకు నోట అంత మాట వస్తుందని బాలమ్మ కలలో కూడా అనుకోలేదు. మొగవాడికి భయమేస్తే కోపం వేషం కట్టుకొస్తుంది. ఆ కోపం వెతుక్కునేదేమో పక్కనున్న ఆడదాన్నే.

"ఏం మాటరా అది? నోరు కడుక్కో" అన్నది.

"నీకు తెల్వదు, నువ్వు ఊకో అమ్మా. డాక్టరమ్మ మాట ఇన్నవ్ గదా. పద్మజా, ఈ ఆదివారం మీ అమ్మగారింటికి పో" అని పద్మజ మొహం చూడకుండా కిక్ కొట్టాడు.

ఇంటికి చేరి, దినేష్ మళ్లీ కిరాయికి పోయిన తర్వాత పద్మజ పెరట్లో అత్తను పట్టుకుంది.

"అత్తమ్మా, ఆ నెత్తురు నీది."

"మెల్లగ! గోడలకు చెవులుంటయి."

"నాకు రోగమని ఆయన నన్ను ఎల్లగొడ్తుండు. నువ్వు చెప్పవా?"

"చెప్త. ఆగు. అసలు నాకు రోగమే లేనిది, ఉన్నదని ఎట్ల చెప్పమంటవే? నా కండ్లు చూడు, మల్లెపూలు! ఆ ప్లాస్టిక్ ముక్క మాట నమ్మి నా ఇజ్జత్ బజార్ల పెట్టుకుంటనా?"

బడిలో ఈ ముచ్చట పడితే ఏమవుతుందో బాలమ్మకు తెలియక కాదు. అన్నంతో అంటదని డాక్టరమ్మ లక్ష చెప్పనీ, కామెర్లున్న ముసల్ది వండిందంటే ఏ తల్లి తన బిడ్డను ఆ బంతిలో కూర్చోబెడుతుంది? ఇన్నాళ్లూ ఊరికి కామెర్లు తేల్చిన మనిషికే కామెర్లట! ఆ నవ్వు చెవుల్లో వినిపించి ఆమెకు ఒళ్లు మండింది.

ఆమె తన పరీక్ష తనకే చేసుకుంది. చెంబులో బియ్యం వేసి ఉంచింది. తెల్లారి తీసి చూస్తే గింజలు గింజల్లాగే ఉన్నాయి, తెల్లగా. కోడలిని పిలిచి అరచేతిలో పోసి చూపింది. "చూసినవా? ఆ కార్డు దొంగది. నీ నెత్తురు నువ్వే ఇయ్యి, పాలమూరుల పెద్ద మిషన్ కాడ. నీకు లేదని వస్తది, ముచ్చట ఒడుస్తది."

ఆ ఆదివారం రాకముందే మైసమ్మకు బోనం ఎత్తించింది. నెల ముందు బోనమేందని అడిగినవాళ్లకు, "తల్లికి ఆకలైతుందట, నాకు కలల చెప్పింది" అని నోరు మూయించింది. ఆ తర్వాత కొడుకు చొక్కా పట్టుకొని పాలమూరు తీసుకుపొమ్మన్నది. "ఒక్క దుకాణంల చింతపండు పుల్లగ లేదంటే ఇంకో దుకాణంల చూడవా? పెండ్లాన్ని ఇడిచిపెట్టెటందుకు మాత్రం ఒక్క దుకాణం చాలా?"

పాలమూరు ల్యాబులో పద్మజ కండ్లు గట్టిగా మూసుకొని తన చెయ్యి తానే ఇచ్చింది. అక్కడ చేసేది ఎలీసా అనే పరీక్ష. చిన్న చిన్న గుంటలున్న పలకలో నెత్తుటి నీరు పోసి, రంగు ఎంత చిక్కగా వచ్చిందో మిషన్ చేత కొలిపిస్తారు. మర్నాడు రిపోర్టు వచ్చింది. రోగం లేదు.

బాలమ్మ గుండెల మీది బండ దిగింది. ఇక ఎవరికీ ఏమీ చెప్పే పని లేదు. కోడలు శుభ్రం, తాను శుభ్రం, కార్డు దొంగది. కానీ దినేష్ అక్కడితో ఆగితే కదా! పెండ్లాంతో "ఏమనుకోకు" అన్నాడు, అదీ గోడ వైపు చూస్తూ. ఆ సిగ్గంతా పోయి దేవరాజు మీద పడింది. పద్మజను, తల్లిని ఆటోలో వేసుకొని పోయి నిండు బజారులో ల్యాబు ముందు ఆపాడు.

"బయటికి రారా! నా సంసారంల నిప్పులు పోసినవ్. నీ బేకార్ కార్డుతోని ఎంతమంది కొంపలు ముంచినవ్?"

దేవరాజు తక్కువ తిన్నాడా! "నా కార్డు బేకారా? ఇన్నేండ్ల సంది చేస్తున్న, ఒక్క మాట పడలే. పాలమూరోళ్లదే తప్పు. మిషన్ ఉన్నంత మాత్రాన మెదడు ఉంటదా?"

కిళ్లీ డబ్బా కాడి వాళ్లు రెండు పక్షాలుగా చీలిపోయారు. కార్డే ఖరారు అని కొందరు, మిషనే మిషన్ అని కొందరు. ఒకాయనైతే రెండూ కాదు, చేతికి సున్నపునీళ్లు రుద్ది చూడాలన్నాడు. దినేష్ దేవరాజు కాలరు పట్టుకునే సరికి నలుగురూ కలిసి ఇద్దరినీ రేఖ డాక్టరమ్మ దగ్గరికి తోలుకొచ్చారు. బాలమ్మ ఒకటి తలిస్తే కొడుకు ఇంకొకటి తవ్వుతున్నాడు.

డాక్టరమ్మ దినేష్‌ను, బాలమ్మను, పద్మజను, దేవరాజును మాత్రమే లోపల ఉంచి తక్కినవాళ్లను బయటికి పంపింది. రెండు రిపోర్టులూ చూసింది.

"కార్డు తొందరగ చెప్తది, ఒక్కోసారి పొరపాటు పడ్తది. ఎలీసా ఇంకా గట్టిది. కానీ అది గూడ దేవుడు గాదు. కొట్లాట ఎందుకు? ఒక్క పరీక్షకు ఇంకో పరీక్షను ఎదురు నిలబెడితే తెలిసిపోతది. దేవరాజూ, ఆనాటి రక్తం మిగిలి ఉందా?"

"ఫ్రిజ్జుల ఉంది మేడం. రోగం ఉన్నదని తేలినవి నేను పారబొయ్య."

"తీసుకురా. నా దగ్గర వేరే కంపెనీ కార్డులున్నయి. ఆ పాత రక్తం నీ కార్డు మీద ఒకసారి, నా కార్డు మీద ఒకసారి. పద్మజ రక్తం ఇప్పుడు తాజాగ తీసి అట్లనే. గ్రూపు గూడ మళ్లీ చూద్దాం."

టేబుల్ మీద బొటనవేలంత పొడుగున్న నాలుగు తెల్ల కార్డులు వరసగా పెట్టారు. కొసన చుక్క వేస్తే లోపలి కాగితం మీద తడి పాకుతుంది. ఒక గీత పడితే ఏమీ లేదు. రెండు పడితే ఉన్నట్టు. నలుగురూ వంగి చూశారు. అంతసేపు నోరు కదపకుండా కూర్చోవడం బాలమ్మ జన్మలో అదే మొదలు.

పద్మజ తాజా రక్తం: రెండు కార్డుల మీదా ఒక్క గీతే. ఫ్రిజ్జులోని రక్తం: రెండింటి మీదా రెండేసి గీతలు, గోరింటాకు పెట్టినంత ఎర్రగా.

"నా కార్డు తప్పు గాదు!" అని దేవరాజు ఎగిరాడు.

"పాలమూరోళ్లది గూడ తప్పు గాదు" అన్నది డాక్టరమ్మ. గాజుపలక మీద పద్మజ రక్తపు చుక్కలకు మందు కలిపి అటూ ఇటూ ఊపింది. ఆమె మొహం మారింది. "దేవరాజూ, ఆ రోజు ఈ అమ్మాయిది ఏ గ్రూపు అని రాసినవ్?"

"ఏ పాజిటివ్."

"ఇది ఓ. అసలు గడ్డ కట్టలే, చూడు. ఇవి ఒక్క మనిషి రక్తాలు గావు."

దేవరాజు గాజుపలక మీదికి వంగాడు.

"ఎవరి రక్తం తీసి ఎవరి పేరు రాసినవ్? కాన్పుల ఈ అమ్మాయికి రక్తం ఎక్కించాల్సి వస్తే, నువ్వు రాసిన గ్రూపు నమ్మి తెచ్చుకుంటే, ఏమైతుండె?" డాక్టరమ్మ పాత రిపోర్టును దేవరాజు ముందుకు తోసింది. బాలమ్మకు అప్పుడు తట్టింది. కోడలి నెత్తురు చుక్క రాలకుండా కాపాడుతున్నానని చేసిన పని ఆ పిల్ల ప్రాణం మీదికి తెచ్చేదా!

"చూసినవా మేడం!" దినేష్ బల్ల గుద్దాడు. "దొంగ నా కొడుకు! ఎవతి నెత్తురో నా పెండ్లాం పేరు మీద రాసిండు. కేసు పెడ్త."

"కేసు సంగతి పక్కన పెట్టు" అన్నది డాక్టరమ్మ. "నాకు ఆ మనిషి రంధి పట్టుకుంది. ఆ రోజు వచ్చినోళ్లల్ల ఎవరో ఒకామెకు ఈ రోగం ఉంది. ఆమెకు తెల్వదు. ఆమె పిల్లలకు పుట్టినప్పుడే వచ్చి ఉంటది. వాళ్లకూ తెల్వదు. గుండ్రాయి లెక్క తిరుగుతుంటరు, పెండ్లి చేసుకుంటరు, పెండ్లానికి అంటిస్తరు. ఆమెను దొరకబట్టకపోతే ఎన్ని ఇండ్లు పోతయో."

గుండ్రాయి. ఆ మాట అన్నది ఎవరో బాలమ్మకు గుర్తుంది. బల్ల మీద పిడికిలి పెట్టి నిలబడ్డ కొడుకును చూసింది. వలస గుడిసెలో, వానలో, తడిసిన గోనెపట్టా మీద తాను కన్న కొడుకు. మాట దాచింది తన పరువు కోసం అనుకుంది. దాచింది పరువు కాదు, కొడుకు ఒంట్లో పాము. ఆ పాము పక్కనే రోజూ పండుకుంటున్నది పద్మజ.

పద్మజ నోరు విప్పలేదు. అత్త వైపు కూడా చూడలేదు. తన కాళ్ల వేళ్ల వైపు చూస్తూ, అత్త ఆగమన్న మాట మీద అట్లాగే కూర్చుంది. ఆ పిల్ల అరిచి ఉంటే బాలమ్మ ఎదురు అరిచి బతికేది. ఆ మౌనాన్ని మోయడం ఆమె వల్ల కాలేదు.

"ఎవతిదో గాదురా" అన్నది. "నాది."

"ఏంది నీది?"

"నెత్తురు. పద్మజా అని పిలిస్తే నేనే పోయి చెయ్యి చాపిన. బోనం కాలే గదా, సుక్క రాలొద్దని. ఇంటి నెత్తురు ఒక్కటే అనుకున్న."

దినేష్ కండ్లు పెద్దవి చేసి తల్లిని, పెండ్లాన్ని మార్చి మార్చి చూశాడు. దేవరాజు ముందుకు ఉరికి బాలమ్మ ముంజేతి కొంగు తప్పించాడు. "ఇగో! తేలు పచ్చబొట్టు! గీ తేలు పక్కనే సూది గుచ్చిన. ఇరవై రెండేండ్ల పిల్లకు గింత పాత పచ్చబొట్టు ఏందా అనుకున్న గూడ!"

"అనుకున్నోనివి తల లేపి మొహం చూడొద్దా? నీ ఫోన్ల ఎవతున్నది, రంభనా?" బాలమ్మ నోరు అలవాటున ఒక్క క్షణం లేచింది. మళ్లీ పడిపోయింది.

డాక్టరమ్మ కార్డులను పక్కకు జరిపింది. ఆమె కూడా అదిరిపోయినట్టే ఉంది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "మీ ఆయన ఉన్నడా పెద్దమ్మా?"

"పోయిండు. పొట్టల నీళ్లొచ్చి."

"తాగేటోడా?"

"సుక్క గూడ ముట్టకపోతుండె."

డాక్టరమ్మ, దేవరాజు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లు చెప్పకుండానే బాలమ్మకు అర్థమైంది, కురుమూర్తిని మింగింది కూడా ఈ రోగమేనని. పని మీద జ్వరాలొచ్చినప్పుడు కంట్రాక్టరు మనిషి వచ్చి గుడిసెల వాళ్లందరినీ వరసగా కూర్చోబెట్టి, ఒకే సూదితో పొడుచుకుంటూ పోయేవాడు. అప్పుడు ఆమె, కురుమూర్తి పక్కపక్కనే కూర్చున్నారు. ఆ మాట చెప్తే డాక్టరమ్మ తల ఊపింది. "అదే అయి ఉండొచ్చు, గాకపోవచ్చు. ఇప్పుడు ఎవరు చెప్పగలరు?"

ఇన్నేళ్లూ తాగుబోతు రోగమని జనమంటే బాలమ్మ ఊరుకుంది. ఊరుకోవడమే గొప్ప అనుకుంది. ఇప్పుడు మొగుడి మొహం కళ్ల ముందు నిలబడింది. మొహం కొంగులో దాచుకుంది.

"దినేష్, చెయ్యి" అన్నది డాక్టరమ్మ.

"నాకు ఎన్నడు కామెర్లు రాలే మేడం."

"మీ అమ్మకు గూడ రాలే."

చెయ్యి ఇచ్చాడు. ఐదో కార్డు టేబుల్ మీదికి వచ్చింది. తడి మెల్లగా పాకింది. మొదటి గీత తేలింది. ఇంకేమీ రాదేమో అని బాలమ్మ మైసమ్మను ఒక్కసారి తలుచుకునే లోపలే రెండో గీత, ముందు నీడలా, తర్వాత గీతలా, పైకి వచ్చి నిలిచింది.

దినేష్ కార్డును చూస్తూనే ఉన్నాడు. ఎవని దగ్గర అంటించుకొచ్చినవని పెండ్లాన్ని అడిగిన నోరు అట్లాగే సగం తెరుచుకొని ఉంది.

డాక్టరమ్మ ఒక్కొక్కటిగా చెప్పింది. ఈ రెండు రక్తాలూ ఎలీసాకు పంపి మళ్లీ చూస్తారు. తల్లీకొడుకులకు కార్జం పరీక్షలు, స్కానింగు ఉంటాయి. అందరికీ ముదరదు, భయపడి చావొద్దు, కానీ కనిపెట్టుకొని ఉండాలి. పద్మజకు ఇంకా అంటలేదు, అది అదృష్టం. ఇవాళే మొదటి టీకా సూది, నెల తర్వాత రెండోది, ఆరు నెలలకు మూడోది. బిడ్డకు పుట్టిన రోజునే. పద్మజకు కాన్పు ముందర పరీక్ష మళ్లీ చేస్తారు. "వంట గురించి రంధి వద్దు పెద్దమ్మా. నీ చేతి అన్నంతోని ఎవరికీ రాదు. బడోళ్లకు నేను చెప్త."

పద్మజ భుజాన సూది వేయించుకుంది. ఈసారి కండ్లు మూసుకోలేదు.

బయట ఎండ నెత్తి మీదికి వచ్చింది. దినేష్ ఆటో ఎక్కి హ్యాండిల్ పట్టుకున్నాడు గానీ బండి తీయలేదు. పద్మజ ఎక్కలేదు. నిలబడి నెమ్మదిగా అన్నది.

"నేను మా అమ్మగారింటికి పోత."

దినేష్ తల తిప్పాడు. "నేనన్న మాటకా? అది నేను..."

"నువ్వు పొమ్మన్నవని గాదు. నాకే పోబుద్ధయితుంది. కొన్నొద్దులు నీ మొహం చూడకుంట ఉంట. సూదులకు ఈడికే వస్త."

పద్మజ బస్టాండు వైపు నడిచింది. బాలమ్మ కొడుకును చూసింది, కోడలి వెనక చూసింది. ఆ పిల్ల ఒంటరిగా, కడుపుతో, సంచి కూడా లేకుండా పుట్టింటి గడప తొక్కితే వనపర్తిలో ఏమనుకుంటారు? మొగుడు తరిమాడంటారు. ఏదో రోగమట అంటారు. నిజం ఎవరు చెప్పాలి? చెప్పినా ఎవరు నమ్ముతారు?

"ఒరేయ్, బండి ఇంటికి తీస్కపో. అన్నం వండుకో. రేపటిదాక నేను రాను" అని కొంగు బిగించింది.

"నువ్వెక్కడికి?"

"నా నెత్తురు ఎక్కడికి పోతే అక్కడికి."

పిలవని పేరంటానికి పోని మనిషి. వియ్యపురాలు రెండుసార్లు కబురు పంపినా, ముచ్చటగా మూడోసారి పిలవలేదని ఆ గడప తొక్కని మనిషి. అట్లాంటి బాలమ్మ పరుగున పోయి వనపర్తి బస్సెక్కి, కోడలి పక్క సీటులో కూలబడింది. పద్మజ ఆశ్చర్యంగా చూసింది.

"నువ్వెందుకు అత్తమ్మా?"

"మీ అమ్మకు నువ్వు చెప్తే కూతురు ఏదో కప్పి చెప్తుంది అనుకుంటది. నేను చెప్తే నమ్ముతది. నా మీద నేను అబద్ధమెందుకు చెప్పుకుంట? జరుగు, కిటికీ దిక్కు కూసో, గాలొస్తది."

పద్మజ జరిగింది. బిజినపల్లి దాటిన తర్వాత పద్మజ తల అత్త భుజం మీదికి ఒరిగింది. నిద్రో, అలసటో. బాలమ్మ కదలకుండా కూర్చుంది. సూది వేసిన భుజం అటే ఉందని గుర్తొచ్చి, రాసుకోకుండా తన చెయ్యి మెల్లగా అడ్డం పెట్టింది.

పొద్దు వాలే వేళకు ఇల్లు చేరారు. వియ్యపురాలు రాధమ్మ వాకిలి ఊడుస్తోంది. చెప్పాపెట్టకుండా వచ్చిన వియ్యపురాలిని, ఉబ్బిన కండ్లతో ఉన్న కూతురిని చూసి చీపురు జారవిడిచింది. ఏమైందని అడగబోయి, ఆచారం గుర్తొచ్చి లోపలికి ఉరికి కాళ్లకు నీళ్లు తెచ్చింది.

"నీళ్లు ఆగు వదినా" అన్నది బాలమ్మ. గడప బయటే నిలబడింది. అటుగా పోయే ఇద్దరు ఆడవాళ్లు ఆగితే వాళ్లను కూడా పొమ్మనలేదు. వినాలనే గొంతు పెంచింది. "ముందు నా మాట ఇను. నీ బిడ్డకు ఏ రోగం లేదు. రోగం నాకుంది. నా కొడుకుకు నేనిచ్చిన. వాడు తెల్వక నీ బిడ్డను అనరాని మాట అన్నడు, నేను తెలిసీ నోరు మూసుకున్న. ఇగ నువ్వు తిట్టు, నేను ఇంట."

రాధమ్మ కూతురిని చూసింది. పద్మజ అవునన్నట్టు తల ఊపింది. రాధమ్మ చేతిలోని చెంబు వంగి, నీళ్లు బాలమ్మ కాళ్ల మీద కాక వాకిట్లో ఊడ్చిన మన్ను మీద పడిపోతున్నాయి. ఇద్దరిలో ఎవరికీ అది కనబడలేదు.